పన్నెండు గంటల టెంపరేచర్

ఎవరి నాలుక కిందనైనా థర్మామీటర్ పెట్టే ముందు నర్సు ఒక మాట అడగాలి. "ఇప్పుడే ఏమైనా తిన్నారా, తాగారా?" అని. అవునంటే అరగంట ఆగి మళ్లీ రావాలి. వేడి టీ తాగిన నోరు లేని జ్వరాన్ని చూపిస్తుంది. చల్లటి నీళ్లు తాగిన నోరు ఉన్న జ్వరాన్ని దాచేస్తుంది. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి వారి నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడాదే ఈ పాఠం చెప్పారు. నిజానికి నాకది అంతకు ముందే తెలుసు. మా అమ్మ ఆరోగ్య కేంద్రంలో ఆయాగా పనిచేసేది, ఇంట్లో ఒక పాత థర్మామీటర్ ఉండేది. లెక్కల పరీక్ష రోజున నేను వేడి కాఫీ పుక్కిట పట్టి, మింగేసి, మూలుగుతూ పడుకున్నాను. అమ్మ పాదరసం చూసింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసింది. అన్నీ అయ్యాక మళ్లీ థర్మామీటర్ పెట్టి, "లే, బడికి పో" అంది.

ఢిల్లీలో పన్నెండేళ్లు నర్సుగా చేశాక ఒక రోజు మధ్యాహ్నం నేను ఆ మాట అడగలేదు. మరిచిపోయి కాదు.

నేను అడగనిది ఆంటీని. ఆవిడది బాపట్ల వైపు. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి పైకి వచ్చి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు. ఆమెకూ సర్కారు ఉద్యోగమే రావడంతో సరోజినీ నగర్‌లో ఆమె పేరు మీద వచ్చిన క్వార్టర్లో ముగ్గురూ ఉండేవారు. వాళ్లు నాకు చర్చిలో పరిచయం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాల్లో జరిగే తెలుగు ఆరాధన అది. నేను ఢిల్లీ వచ్చిన కొత్తలో హాస్టల్లో ఆ రొట్టెలు, రాజ్మా తినలేక సగమైపోయాను. ఆరాధన అయ్యాక ఆవిడే నా దగ్గరికి వచ్చింది.

"ఏ ఊరమ్మాయ్ మనది? ముఖం అట్టా పీక్కుపోయిందేం?"

ఊరు చెప్పాను. ఇంకేం అడగకుండా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ రోజు తిన్న గోంగూర పచ్చడి, చేపల పులుసు గురించి ఇప్పుడు రాయను. కాఫీ గురించి మాత్రం చెప్పాలి. పొయ్యి మీద నుంచి దింపిన కాఫీని ఆవిడ ఊదకుండా, తిరగబోయకుండా గటగటా తాగేసేది. నేను గ్లాసు అంచు పట్టుకోలేక కొంగుతో పట్టుకుంటే నవ్వేది. "చల్లారిన కాఫీ తాగే బదులు కుడితి తాగడం నయం" అనేది. వంట చేసేటప్పుడు ఉడుకుతున్న పులుసును గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి ఉప్పు చూసేది. ఆవిడ నోటికి వేడంటే భయం లేదు.

నా పెళ్లికి అమ్మ తరఫున అన్నీ ఆవిడే చూసింది. నా పిల్ల పుట్టినప్పుడు నలభై రోజులు బాలింతకు పెట్టే కాయం తెచ్చిపెట్టింది. అందుకని, నేను ఆవిడను ఆంటీ అన్నా, ఆ మాటకు మా మధ్య వేరే అర్థం ఉండేది.

అంకుల్‌కు పక్షవాతం వచ్చింది కరోనాకు ఒక ఏడాది ముందు. నడక కొంత తిరిగి వచ్చింది. మాట ముద్దగా మిగిలిపోయింది. ఎడమ పక్క పెదవి, బుగ్గ, నోటి లోపల సగం భాగం స్పర్శ పూర్తిగా పోయింది. అది మొదట్లో ఎవరూ గమనించలేదు. ఒక మధ్యాహ్నం పప్పుచారు అన్నం తింటూ ఆయన మామూలుగానే ఉన్నారు. సాయంత్రానికి బుగ్గ లోపల పెద్ద బొబ్బ లేచి చితికింది. అన్నం కాలుతోందని ఆయనకు తెలియలేదు. తెలియని పక్కనే నములుతూ పోయారు.

ఆ రోజు నుంచి ఆంటీ ప్రతి ముద్దా ముందు తన కింది పెదవికి ఆనించి చూసేది. ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఆయన నోట్లో పెట్టేది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడ ఇడ్లీ ముక్క పెదవికి తాకించుకోవడం, తల ఆడించడం, పెట్టడం, మళ్లీ తాకించుకోవడం చూస్తూ కూర్చున్నాను.

"ఒక్కసారి గిన్నె చల్లారబెట్టి పెట్టెయ్యొచ్చుగా ఆంటీ" అన్నాను.

"చల్లారింది ఆయన తినరమ్మా. నలభై ఏళ్లు నా చేతి వేడన్నం తిన్న మనిషి. మాట పోయింది, నడక పోయింది. గోరువెచ్చగా ఉన్నదైనా పెట్టకపోతే ఇంకేం మిగిలింది ఆయనకి?" అంది.

రోజుకు మూడు పూటలు, ఏళ్ల తరబడి, ఆవిడ అలాగే చేసింది.

కరోనా తగ్గాక వచ్చిన చలికాలంలో ఆంటీ మెడ దగ్గర గడ్డలు కనిపించాయి. స్కార్ఫు కప్పుకుని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. నేనే ఆదివారం కౌగిలించుకున్నప్పుడు చేతికి తగిలి, మర్నాడే మా ఆసుపత్రికి తీసుకుపోయాను. లింఫు గ్రంథుల కేన్సర్ అని తేలింది. మందుకు లొంగే రకమేనన్నారు డాక్టర్లు. ఆరు విడతల కీమో అనుకున్నారు. చేరింది నేను పనిచేసే వార్డులోనే. నా కళ్ల ముందే ఉంటుందని అప్పుడు అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను.

మొదటి రెండు విడతలు సాఫీగానే గడిచాయి. మూడో విడత తరువాత తెల్లకణాలు బాగా పడిపోయాయి. నోట్లో పుళ్లు లేచాయి. బుగ్గల లోపల, పెదవుల లోపల తెల్లటి మచ్చలు. నాలుక కింద మాత్రం బాగానే ఉంది కాబట్టి టెంపరేచర్ నోట్లోనే చూస్తూ వచ్చాం. తెల్లకణాలు లేని మనిషికి జ్వరం ఒక్కటే హెచ్చరిక. వేరే వాళ్లకు వచ్చే వాపు, చీము, దగ్గు ఏవీ ముందు కనిపించవు. జ్వరం వచ్చిందంటే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. మా వార్డులో ఏ కొత్త నర్సు చేరినా మొదట నేర్పేది అదే. నేనే నేర్పేదాన్ని.

ఎంత వేడి కాఫీనైనా గటగటా తాగిన మనిషి ఆ వారం గోరువెచ్చటి పాలు తాగలేక ఏడ్చింది. పెదవికి ఏది తగిలినా నిప్పులా ఉందంది. మంట తగ్గడానికి డాక్టరు మంచు ముక్కలు చప్పరించమన్నారు. కాచి చల్లార్చిన నీళ్లను గడ్డకట్టించి, కూతురు ఆఫీసుకు వెళ్లే ముందు ఒక ఫ్లాస్కు నిండా తెచ్చి పెట్టేది. ఆంటీ మంచం పక్కన స్టీలు గ్లాసులో వాటిని పోసుకుని ఒక్కొక్కటే నోట్లో వేసుకునేది.

ఆ కూతురికి అప్పుడు ముప్పై దాటాయి. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. తల్లి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇంట్లో తండ్రికి వండి, తినిపించి, పగటి పూట ఒక ఆయమ్మకు అప్పగించి, ఆఫీసుకు వెళ్లి, మళ్లీ ఆసుపత్రికి వచ్చేది. మనిషి ఎండిపోయింది.

అడ్మిషన్లో తొమ్మిదో రోజు పొద్దున నేను ఆంటీకి మంచం దుప్పటి మారుస్తుంటే ఫోన్ మోగింది. స్పీకర్లో కూతురి ఏడుపు వినపడింది. ఉప్మా పెట్టిందట. పైన చల్లగానే ఉంది, లోపల వేడి ఉంది. తండ్రి ఏమీ అనలేదు. ఇప్పుడు చూస్తే నోట్లో తోలు ఊడిపోయి ఉంది.

"మమ్మీ, ముఝ్‌సే నహీ హోతా. ఆప్ జల్దీ ఘర్ ఆ జావో" అంటోంది. నా వల్ల కావడం లేదు, నువ్వు తొందరగా ఇంటికి వచ్చేయమని.

ఆంటీ ఒక్క మాట కూడా కోప్పడలేదు. "ఏం కాదు నాన్నా. పెరుగు రాయి. చల్లటి మజ్జిగ పట్టు. నేనొచ్చేస్తాగా" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది.

పదిన్నరకు డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చారు. రెండు రోజులుగా జ్వరం లేదు, కణాలు మెల్లగా పెరిగే సూచన కనిపిస్తోంది. రేపు పొద్దున వరకు ఇలాగే ఉంటే ఇంటికి పంపిద్దాం, రోజు విడిచి రోజు రక్త పరీక్షకు వస్తే చాలు అన్నారు. ఆంటీకి హిందీ వచ్చీ రానట్టుండేది. అయినా ఆ మాట మాత్రం నేను చెప్పకుండానే అర్థం చేసుకుంది. నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ చెయ్యి కొంచెం వెచ్చగా ఉందని అప్పుడే అనిపించింది నాకు. దుప్పటి కింద ఉంది కదా అనుకున్నాను.

పన్నెండు గంటలకు ట్రే పట్టుకుని గది గదికీ తిరుగుతూ ఆవిడ దగ్గరికి వచ్చాను. ఆ రోజు నాకు ఏడుగురు రోగులు, ఒకరికి రక్తం ఎక్కుతోంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆంటీ బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది. నన్ను చూసి నోట్లో ఉన్నది గబగబా నమిలి మింగింది. పళ్ల మధ్య మంచు పగిలిన చప్పుడు నాకు వినపడింది. స్టీలు గ్లాసు అంచున నీటి బిందువులు కూడా చూశాను.

అడగవలసిన మాట నోటి దాకా వచ్చింది. అడిగితే ఆవిడ ఏం చెప్పినా అరగంట ఆగాలి. ఆగి మళ్లీ చూస్తే ఏం కనిపిస్తుందో అని నాకు భయం. ఎక్కువ ఉంటే రేపటి ప్రయాణం ఆగిపోతుంది. ఇంటి దగ్గర ఆ మనిషి నోరు, ఫోన్లో ఆ అమ్మాయి ఏడుపు. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడైతే తొందరలో ఉన్నానని మాత్రమే అనుకున్నాను.

థర్మామీటర్ నాలుక కింద పెట్టాను. పెదవులు చల్లగా ఉన్నాయి. బీప్‌మంది. తొంభై ఏడు పాయింట్ ఎనిమిది.

"ఎంతుందమ్మా?" అంది ఆంటీ.

"నార్మలే ఆంటీ."

"రాసేసెయ్ మరి" అంది.

రాసేశాను.

మూడున్నరకు ఆ గది బెల్లు మోగింది. వెళ్లేసరికి ఆంటీ మంచం ఇనుప చట్రం కదిలేంతగా వణుకుతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఈసారి చంకలో పెట్టాను. నూట మూడు. బీపీ పడిపోతోంది. నేను కేకేశాను. జూనియర్ డాక్టరు పరుగెత్తుకుని వచ్చాడు. రక్తం తీశాం, సెలైన్ తెరిచాం, యాంటీబయాటిక్ ఎక్కించాం. ఈ పనులు నా చేతులు వాటంతట అవే చేశాయి. అలవాటు అలాంటిది.

అంతలో పెద్ద డాక్టరు వచ్చి ఛార్టు తిప్పి చూశారు. "బారా బజే తక్ నార్మల్ థా? ఇత్‌నీ జల్దీ?" అన్నారు. పన్నెండు దాకా మామూలుగా ఉండి, ఇంత తొందరగా ఎలా అని.

గదిలో అందరూ నా వైపు చూశారు. నేను సెలైన్ సీసా వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇంకోసారి అడగలేదు. ఛార్టు మూసి, ఐసీయూకి ఫోన్ చేయమన్నారు.

స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే ఆంటీ కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను పోల్చుకోలేదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక వెనక్కి వచ్చాను. గదిలో గ్లాసు అలాగే ఉంది. అందులో మంచు కరిగి నీళ్లయింది. సింకులో పారబోసి, గ్లాసు కడిగి, తుడిచి, ఆవిడ సంచిలో పెట్టాను. కూతురు ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. నా భుజం మీద తల పెట్టి, "దీదీ, ఆప్ థీ తో బచ్ గయీ" అంది. మీరున్నారు కాబట్టి బతికిందని. నేను ఆ అమ్మాయి వీపు నిమిరాను.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నా భర్త ఏమైందని అడిగితే చెప్పాను. ఆయన ఒక ల్యాబులో టెక్నీషియన్. తప్పుడు రిపోర్టు అంటే ఏమిటో తెలిసిన మనిషి. "రేపు చెప్పేసెయ్" అన్నాడు. ఉద్యోగం పోతే ఎలాగని నేను అడగలేదు, ఆయనా అనలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీ మొదలవకముందే ఇన్‌ఛార్జి సిస్టర్ గదికి వెళ్లాను. ఆవిడ కేరళ మనిషి, ముప్పై ఏళ్ల సర్వీసు. మా అందరికీ ఆవిడంటే దడ. నిలబడే మొత్తం చెప్పాను. మంచు చూశానని, నమిలిన చప్పుడు విన్నానని, అయినా రాశానని.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు చూశావా, లేక ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నావా?" అని హిందీలో అడిగింది.

"చూశాను సిస్టర్."

"తెలియక చేసుంటే మళ్లీ నేర్పేదాన్ని. తెలిసి చేసినదానికి నేనేం నేర్పాలి?"

ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. "రాయి. ఏది ఎట్లా జరిగిందో అట్లా రాయి. నీ గురించి జాలిగా రాయకు, కోపంగా కూడా రాయకు."

రెండు గంటలు పట్టింది ఆ ఒక్క పేజీ రాయడానికి. నెల రోజులు నన్ను రోగుల దగ్గర నుంచి తప్పించి స్టోర్లో వేశారు. పెద్ద డాక్టరు పిలిపించి, మూడు నాలుగు గంటలు ముందే మందు పడితే ఐసీయూ దాకా వెళ్లకపోయేదేమో, వెళ్లేదేమో, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజుల్లో నేను చేయగలిగిన పని ఒకటి చేశాను. మా ఆసుపత్రి డైటీషియన్‌ను అడిగి, వంటింట్లో వాడే చిన్న థర్మామీటర్ ఒకటి తెప్పించి సరోజినీ నగర్ తీసుకుపోయాను. సన్నటి ఇనుప ముల్లు, పైన చిన్న గాజు బిళ్ల. ఉప్మా మధ్యలోకి గుచ్చి చూడమని, నలభై సెల్సియస్‌కు దిగాకే పెట్టమని ఆ అమ్మాయికి చూపించాను. పైన చల్లగా ఉన్నా నడిమధ్యలో వేడి ఎంతసేపు నిలుస్తుందో బిళ్లలో సూది కదులుతుంటే ఆమె కళ్లారా చూసింది. తండ్రికి నేనే ఆ పూట తినిపించాను. ఆయన నా ముఖంలోకి చూసి, ముద్ద మాటతో, "ఏదీ?" అన్నారు. ఆవిడ ఏదీ అని. "వచ్చేస్తుంది అంకుల్" అన్నాను.

ఆంటీ వచ్చేసింది. ఐసీయూలో ఎనిమిది రోజులు ఉంది. అందులో మూడు రోజులు మాకు ఎవరికీ నమ్మకం లేదు. చర్చి వాళ్లు హాల్లో కూడి ప్రార్థన చేశారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. కళ్లు మూసుకున్నా ఒక్క మాట రాలేదు.

వార్డుకు తిరిగి తెచ్చిన రెండో రోజు, స్టోర్లో పని ముగించుకుని వెళ్లాను. ఆంటీ ఎముకల గూడులా ఉంది. తలగడకు ఆనుకుని కూర్చుంది. కూతురు ఇంటికి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని, చెప్పేశాను.

"ఆంటీ, ఆ రోజు మీ నోట్లో మంచు ఉందని నాకు తెలుసు. ఆగి చూడాల్సింది. చూడలేదు. జ్వరం లేదని రాసేశాను. మీకు ఇంత అయింది నా వల్లే."

ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. కోపమొచ్చిందనుకున్నాను. ఆ తరువాత నా మణికట్టు పట్టుకుంది.

"పిచ్చిదానా. నువ్వు ట్రే పట్టుకుని పక్క గదిలోకి వెళ్లడం చూసే రెండు ముక్కలు బుగ్గన పెట్టుకున్నాను. ఒకటి నాలిక కిందే పెట్టుకున్నాను. పదిన్నర నుంచే ఒళ్లు కాలిపోతోంది నాకు. నాకు తెలీదా?"

నేను ఆవిడనే చూస్తుండిపోయాను.

"ఆయన నోరు కాలిందంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎట్టాగైనా ఇంటికి పోవాలి. అంతే. ఇంకేం ఆలోచించలేదు. నువ్వు మంచి పిల్లవి, నన్ను కాదనవని కూడా తెలుసు. నీ మంచితనాన్ని వాడుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి."

"చచ్చిపోయేవారు ఆంటీ" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెరిగింది. "మీరు పోతే ఆయనకెవరు పెట్టేవారు?"

ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పుళ్లు మానని నోటితో ఏడుస్తుంటే నొప్పి పుట్టి, ఏడుపు ఆపుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు నేను మరిచిపోలేను.

తేరుకున్నాక, "ఒక్క మాటియ్యి" అంది. "నేను కావాలని చేశానని పిల్లకు చెప్పకు. నన్ను ఇంటికి రమ్మన్నది అది. ఐసు తెచ్చిపెట్టింది అది. ఇది తెలిస్తే జన్మంతా తానే చేశాననుకుంటుంది. నీ సంగతి చెప్పుకోవాలంటే చెప్పుకో. నా సంగతి వద్దు."

మాటిచ్చాను.

ఫారంలో ఆవిడ చేసింది చేర్చలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు కూడా చెప్పలేదు. చెబితే నా తప్పు సగమైనట్టు కనిపించేది. కానీ మంచు ముక్క ఎందుకు పెట్టుకుంటే ఏం, అది నోట్లో ఉండటం చూసింది నేను. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రోగి ఇంటికి పోవాలని అబద్ధమాడటం వింత కాదు. అది కనిపెట్టడానికే నన్ను అక్కడ పెట్టారు.

మిగిలిన కీమో మోతాదు తగ్గించి ఇచ్చారు. వేసవి ముగిసేసరికి గడ్డలు కరిగిపోయాయి. ఆంటీ ఇంటికి వెళ్లి మళ్లీ వంటింట్లోకి దిగింది. నోటికి పాత రుచి, పాత ఓర్పు రెండూ తిరిగి రాలేదు. కాఫీ గిన్నెలో రెండుసార్లు తిరగబోసుకుని తాగేది. అంకుల్ అన్నానికి మాత్రం ఇనుప ముల్లు వాడమని కూతురు పట్టుబట్టింది. ఇద్దరూ కొన్నాళ్లు పోట్లాడుకుని, చివరికి ఆవిడే ఒప్పుకుంది. ఆదివారాలు హాల్లో నా పక్కనే కూర్చునేది. ఆ మధ్యాహ్నం సంగతి మేమిద్దరం మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

రెండేళ్లు అలా గడిచాయి. గడ్డలు మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ ఇంక వైద్యం వద్దంది. ఇంట్లోనే, తన మంచం మీదే, ఆయన పక్కన ఉండగా పోయింది. మధ్యాహ్నం వేళ. నేను అక్కడే ఉన్నాను.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, గిన్నెలు కడుగుతున్న కూతురి పక్కన నిలబడి నా సంగతి చెప్పాను. పన్నెండు గంటలకు ఏం చేశానో, ఏం రాశానో. ఆమె కుళాయి కట్టేసింది.

"మమ్మీ కో పతా థా?" అంది. అమ్మకు తెలుసా అని.

"తెలుసు. అప్పుడే చెప్పాను."

"క్యా బోలీ?"

ఏమందని అడుగుతోంది. నేను ఒక్క క్షణం తడబడ్డాను. "ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుంది" అన్నాను. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

ఆమె తడి చేతులతోనే అలాగే నిలబడింది. "మై ఇత్‌నే సాల్ ఆప్‌కో థాంక్యూ బోల్‌తీ రహీ" అంది. ఇన్నేళ్లూ మీకు కృతజ్ఞతలు చెబుతూ వచ్చానని. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. గుమ్మం దాకా సాగనంపలేదు. ఆరు నెలలు ఫోన్ చేయలేదు. నేను చేసినవి ఎత్తలేదు. చర్చికి రావడం మానేసింది.

మొన్న వానాకాలంలో అంకుల్‌కు నిమోనియా చేసి మా ఆసుపత్రికే తెచ్చారు. వేరే అంతస్తు, వేరే వార్డు. నాకు తెలిసి పరుగెత్తాను గానీ గుమ్మంలో ఆగిపోయాను. లోపల ఆమె తండ్రి తల ఎత్తి పట్టుకుని ఉంది. నన్ను చూసింది.

"అక్కా," అంది. దీదీ అనలేదు, మొదటిసారి అక్కా అంది. "నీచే జాకే సైన్ కర్‌నా హై. మీరు ఉండండి ఇక్కడ. ఏమైనా పెట్టే ముందు చూడండి."

కింద సంతకాలు పెట్టడానికి వెళ్లింది. నేను కుర్చీలో కూర్చుని అంకుల్ చెయ్యి పట్టుకున్నాను. ఆమె గంట తరువాత గానీ రాలేదు.

ఆయన కోలుకుని ఇంటికి వెళ్లారు. ఆమె ఇప్పుడు ఫోన్ ఎత్తుతుంది. అవసరమైనంత వరకే మాట్లాడుతుంది. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు.

ఆంటీకి ఇచ్చిన మాట మాత్రం ఆ అమ్మాయి దగ్గర ఇంకా నిలబెట్టుకుంటున్నాను. ఇక్కడ రాసి దాన్ని తప్పానా అని చాలాసార్లు ఆలోచించాను. పేర్లు పెట్టలేదు. పైగా ఆమెకు తెలుగు అక్షరాలు రావు. ఏదో ఒక రోజు ఎవరైనా ఇది ఆమెకు చదివి వినిపించవచ్చు. అలా జరిగితే, కూతురి వల్ల కాదు, కూతురి కోసమే తల్లి అలా చేసిందని ఆమెకు అర్థమైతే చాలు. అర్థం కాకపోతే, ఈసారి కూడా నాదే తప్పు.